స్వరలిపి సాధకుడు సుబ్బరామ దీక్షితులు

శిల్పి మలచిన విగ్రహం శతాబ్దాల తరబడి నిలుస్తుంది. కవి రచించిన కావ్యం తాళపత్రాలకెక్కి తరతరాలకు అందుతుంది. గాయకుడి పాట మాత్రం పాడినంతసేపే ఉంటుంది. ధ్వనిని ముద్రించే యంత్రాలు రాకముందు ఒక కీర్తన బతకాలంటే గురువు కంఠం, శిష్యుడి చెవి తప్ప దానికి వేరే ఆధారం లేదు. విద్వాంసులు తాళపత్రాలపై సాహిత్యాన్ని, రాగతాళాల పేర్లను రాసుకొనేవారు. కొందరు స్వరాలను కూడా రాసుకొనేవారు. అయినా ఆ స్వరాలను ఎలా పలికించాలో గురుముఖంగా నేర్వవలసిందే. శిష్యులు లేని విద్వాంసుడు కన్నుమూస్తే ఆయన నేర్చిన పాటలు ఆయనతోనే వెళ్ళిపోయేవి. ఈ నష్టాన్ని నివారించడానికి తన వార్ధక్యాన్ని ధారపోసిన మహనీయుడు సుబ్బరామ దీక్షితులు. ఆయన తెలుగులో రచించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' కర్ణాటక సంగీతానికి ఆకరగ్రంథంగా నిలిచింది.

సుబ్బరామ దీక్షితులు 1839లో తిరువారూరులో జన్మించారు. సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితుల వంశంతో ఆయనకు రక్తసంబంధం ఉంది. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు గొప్ప వాగ్గేయకారులు. ఆయన పదిహేడవ శతాబ్దికి చెందిన వేంకటమఖి సంప్రదాయంలో శిక్షణ పొందినవారు. డెబ్బైరెండు మేళకర్తల పద్ధతిని ప్రతిపాదించిన శాస్త్రకారుడు వేంకటమఖి. రామస్వామి దీక్షితుల కుమారులలో చివరివారైన బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్య వాద్యమైన వయొలిన్‌ను నేర్చి, దానిని కర్ణాటక సంగీతానికి అనువుగా మలచినవారిలో ప్రథములుగా ప్రసిద్ధి పొందారు. ఈ బాలుస్వామి కుమార్తె కుమారుడే సుబ్బరామ దీక్షితులు. మగసంతానం లేని బాలుస్వామి తన దౌహిత్రుడిని బాల్యంలోనే దత్తత చేసుకొన్నారు.

బాలుస్వామి దీక్షితులు ఎట్టయపురం సంస్థానంలో ఆస్థాన విద్వాంసులు. ఈ ఊరు నేటి తమిళనాడులోని తూత్తుకుడి జిల్లాలో ఉంది. ముత్తుస్వామి దీక్షితులు 1835లో పరమపదించింది కూడా ఇక్కడే. అంటే సుబ్బరామ దీక్షితులు పుట్టడానికి నాలుగేళ్ళ ముందే ఆ మహావాగ్గేయకారుడి కంఠం మూగవోయింది. ఆయన కృతులు సుబ్బరామునికి బాలుస్వామి ద్వారానే లభించాయి. గాత్రమూ వీణా తాత వద్ద నేర్చుకొంటూనే, ఆయన తెలుగు, సంస్కృత భాషలను కూడా శ్రద్ధగా అభ్యసించారు.

పదిహేడేళ్ళ వయస్సులో సుబ్బరామ దీక్షితులు దర్బారు రాగంలో ఒక తానవర్ణాన్ని రచించి రాజసభలో పాడారు. అంతటి ప్రౌఢ రచన ఆ బాలుడిదేనా అని ప్రభువుకు అనుమానం కలిగింది. తాత సాయం చేసి ఉంటారని భావించి మరొక పరీక్ష పెట్టారు. తాత దగ్గర లేని సమయంలో యమునా రాగంలో జతిస్వరం కూర్చమని ఆదేశించారు. బాలుడు దానిని పూర్తిచేసి వినిపించి సభను మెప్పించాడు. తరువాత కొంతకాలానికి ఆయన కూడా ఆస్థాన విద్వాంసుడయ్యారు.

ఆ రోజులలో సంగీతాన్ని రాతలో పెట్టే ప్రయత్నాలు మద్రాసులో ఊపందుకొన్నాయి. అచ్చుయంత్రం అందుబాటులోకి రావడంతో తచ్చూరు సింగరాచార్యులు సోదరులు తెలుగులో సంగీత గ్రంథాలను ప్రకటించారు. స, రి, గ, మ, ప, ద, ని అనే అక్షరాలతో స్వరాలను, వాటి కింద సాహిత్యాన్ని ముద్రించే పద్ధతి వాటి వల్ల ప్రచారం పొందింది. విద్యార్థులకు అది ఎంతో ఉపకరించింది. అయితే ఆ అక్షరాలు స్వరం పేరును మాత్రమే తెలిపేవి. గమకాన్ని తెలిపేవి కావు.

అదే నగరంలో చిన్నస్వామి మొదలియారు అనే పండితుడు మరొక మార్గాన్ని ఎంచుకొన్నారు. ఆయన ఎం.ఏ. పట్టభద్రుడు, ప్రభుత్వ ఉద్యోగి, పాశ్చాత్య సంగీతం ఎరిగినవాడు. ఐదు గీతలపై చుక్కలతో స్వరాలను చూపే ఐరోపా లిపిలో కర్ణాటక కృతులను రాస్తే ప్రపంచమంతా చదువుకోగలదని ఆయన విశ్వాసం. త్యాగరాజు శిష్యపరంపరకు చెందిన వాలాజాపేట కృష్ణస్వామి భాగవతుల వద్ద కృతులను సేకరించి, 1892లో వాటి ప్రచురణను ఆరంభించారు. ముత్తుస్వామి దీక్షితుల కృతుల కోసం ఆయన సుబ్బరామ దీక్షితులను ఆశ్రయించారు. దీక్షితులు పాడి వినిపించగా మొదలియారు వాటిని తన లిపిలోకి మార్చేవారు. మతం, చదువు, ఉద్యోగం అన్నింటా వేరైన ఆ ఇద్దరినీ సంగీతం దగ్గర చేసింది.

మొదలియారు తన సొంత ధనాన్ని ఈ కార్యానికి వెచ్చించారు. కొన్నవారు తక్కువ, ఖర్చు ఎక్కువ. దక్షిణాది గాయకులలో ఐరోపా లిపి తెలిసినవారు అరుదు. ఐరోపావారిలో మన రాగాలు తెలిసినవారు అంతకంటె అరుదు. క్రమంగా ఆయన ఆరోగ్యమూ చూపూ సన్నగిల్లాయి. పని అసంపూర్తిగా మిగిలిపోతుందన్న దిగులు ఆయనను వేధించింది. 1899లో ఎట్టయపుర ప్రభువు వెంకటేశ్వర ఎట్టప్ప పట్టాభిషేకానికి ఆయన వెళ్ళారు. సుబ్బరామ దీక్షితుల వద్ద ఉన్న సంగీతమంతా గ్రంథరూపంలో వెలువడేటట్లు చూడమని ప్రభువును అర్థించారు. తన మార్గం ఫలించకపోయినా లక్ష్యం నెరవేరితే చాలునని ఆయన కోరుకోవడం ఆయన ఔదార్యానికి నిదర్శనం.

ఇది సుబ్బరామ దీక్షితులకు తేలికైన విషయం కాదు. ఆనాడు విద్వాంసుల కుటుంబాలకు పాటే ఆస్తి. పాఠాంతరం తెలిసినవారికే సభలో గౌరవం, సంస్థానంలో జీవనాధారం. ముత్తాత కాలం నుంచి వచ్చిన నిధిని అచ్చువేసి అందరికీ పంచితే ఆ ప్రత్యేకత పోతుంది. మరొకవైపు, ఆయన వయస్సు అరవై దాటింది. తన తరువాత ఆ కృతులు శుద్ధంగా నిలుస్తాయన్న హామీ లేదు. ప్రభువు ఆదేశం, మొదలియారు అభ్యర్థన ఆయనను కార్యోన్ముఖుణ్ణి చేశాయి. కుటుంబ సంపద జాతి సంపదగా మారే ఘడియ వచ్చింది. రెండేళ్ళకు పైగా ఏకాగ్రతతో శ్రమించి ఆయన గ్రంథాన్ని పూర్తిచేశారు. 1904లో ఎట్టయపురంలోని విద్యావిలాసిని ముద్రాక్షరశాల దానిని ప్రకటించింది. గ్రంథం సుమారు 1,700 పుటలకు విస్తరించింది.

ఈ గ్రంథంలో దీక్షితులు తీర్చిదిద్దిన స్వరలిపి ఆయన మేధస్సుకు గీటురాయి. ఆయన ఐరోపా గీతలను స్వీకరించలేదు. మన సప్తస్వరాల అక్షరాలనే తెలుగు లిపిలో ఉంచారు. అయితే స్వరాన్ని, కాలాన్ని, పలికే తీరును కంటికి కనిపించేటట్లు రాయాలన్న ఆశయం మాత్రం మొదలియారు ప్రయత్నంతో ఏకీభవించేదే. అక్షరంపై చుక్క తారస్థాయిని, కింద చుక్క మంద్రస్థాయిని సూచిస్తాయి. హ్రస్వాక్షరం కంటె దీర్ఘాక్షరానికి రెట్టింపు కాలం. స్వరాలపై అడ్డగీత ఉంటే వాటి కాలం సగమవుతుంది.

అంతకంటె ముఖ్యమైనవి గమక చిహ్నాలు. గమకమంటే స్వరం కదిలే తీరు. స్వరం ఊగవచ్చు, పై స్వరం నుంచి జారవచ్చు, పక్క స్వరాన్ని తాకి రావచ్చు. కంపితానికి అల వంటి గీత, స్ఫురితానికి మూడు చుక్కలు, జారుకు ఎగువకో దిగువకో వాలిన గీత, వళికి విల్లు వంటి వంపు గీత ఆయన నిర్ణయించారు. నొక్కు, రవ, ఖండింపు మొదలైనవాటికి కూడా వేర్వేరు గుర్తులున్నాయి. ప్రతి గమకాన్ని వీణపై ఎలా పలికించాలో వివరించారు. ఏ మెట్టుపై వేలుంచాలో, తంత్రిని ఎలా లాగాలో చెప్పడం వల్ల చెవికి మాత్రమే తెలిసే సూక్ష్మం చేతికి కూడా తెలిసే విద్యగా మారింది.

ఈ చిహ్నాల అవసరం ఎంతటిదో ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. తోడి రాగంలోని గాంధారాన్ని కదలిక లేకుండా పలికిస్తే తోడి రూపం మనకు దొరకదు. దర్బారు, నాయకి రాగాలు వాడే స్వరాలు దాదాపు ఒకటే. సంచారాలు, గమకాలే వాటిని వేరుచేస్తాయి. కేవలం అక్షరాలు రాస్తే ఆ భేదం కాగితంపై చెరిగిపోతుంది. ఐదు గీతల లిపిలో చుక్క ఒక స్థానంలో నిలిచి ఉంటుంది. మన స్వరం స్థానాల మధ్య సంచరిస్తుంది. ఆ సంచారాన్ని పట్టుకోవడమే దీక్షితుల సాధన.

గ్రంథం ఆరంభంలో వాగ్గేయకారుల చరిత్ర, సంగీత లక్షణాలు ఉన్నాయి. శార్ఙ్గదేవుడు మొదలుకొని డెబ్బైమందికి పైగా ప్రముఖుల జీవితాలు ఇందులో చోటుచేసుకొన్నాయి. తరువాత డెబ్బైరెండు మేళాల క్రమంలో రాగాల లక్షణాలు, గీతాలు, తానాలు, వర్ణాలు, కృతులు స్వరసహితంగా ఉన్నాయి. ముత్తుస్వామి దీక్షితుల కృతులే 229 వరకు ఉన్నాయి. క్షేత్రయ్య పదాలు, పైడాల గురుమూర్తిశాస్త్రి గీతాలు కూడా ఇందులో కనిపిస్తాయి. తమిళ ప్రాంతంలో పుట్టి పెరిగిన పండితుడు ఈ గ్రంథాన్ని తెలుగులో రచించడం గమనార్హం. దక్షిణాదిన సంగీత విద్యకు తెలుగు ఎంతగా మాధ్యమమైందో దీనివల్ల స్పష్టమవుతుంది.

హిందుస్థానీ సంగీతాన్ని శాస్త్రబద్ధం చేసిన విష్ణు నారాయణ భాత్‌ఖండే 1904లో దక్షిణయాత్ర చేస్తూ ఎట్టయపురం వచ్చి దీక్షితులను దర్శించారు. వేంకటమఖి రచించిన 'చతుర్దండి ప్రకాశిక' ప్రతి ఆయనకు ఇక్కడే లభించింది. దాచుకోవడం కంటె పంచడమే విద్యకు రక్ష అన్న సత్యాన్ని దీక్షితులు అప్పటికే ఆచరణలో చూపారు. సంగీతం కొత్తగా నేర్చేవారి కోసం 1905లో 'ప్రథమాభ్యాస పుస్తకము' వెలువరించారు. మరుసటి సంవత్సరం, 1906లో, ఆయన తనువు చాలించారు. మహాగ్రంథం వెలువడి అప్పటికి రెండేళ్ళే అయింది. ఆ పని మరికొంత ఆలస్యమై ఉంటే ఎంతటి సంపద కాలగర్భంలో కలిసిపోయేదో ఊహించవచ్చు.

దీక్షితుల గమక చిహ్నాలు తరువాతి కాలంలో విస్తృతంగా వాడుకలోకి రాలేదు. ముద్రణకు కష్టమైనందున, నేర్చుకోవడానికి ఓర్పు అవసరమైనందున తరువాతి పుస్తకాలలో చాలావరకు సాధారణ స్వరాక్షరాలే మిగిలాయి. అయినప్పటికీ ఒక రాగం పూర్వరూపం గురించి సందేహం కలిగితే విద్వాంసులు ఈ గ్రంథాన్నే తెరుస్తారు. 1961 నుంచి మద్రాసు సంగీత అకాడమీ దీనిని తమిళ లిపిలో సంపుటాలుగా ప్రచురించింది. దీక్షితుల కుమారుడు అంబి దీక్షితులు తండ్రి నుంచి పొందిన విద్యను శిష్యులకు అందించారు. ఆయన శిష్యుడైన టి.ఎల్. వెంకటరామ అయ్యర్ ద్వారా ఆ కృతులు మరొక తరానికి చేరాయి. ఈ విధంగా గ్రంథమూ గురుపరంపరా ఒకదానికొకటి తోడుగా నిలిచాయి.

ఎంత నేర్పుగా రాసినా లిపి పాట కాదు. గురువు లేకుండా కేవలం గుర్తులతో సంగీతం అలవడదు. ఈ సంగతి వీణాపాణి అయిన సుబ్బరామ దీక్షితులకు తెలియనిది కాదు. అయినా గురువు లేని రోజున గుర్తైనా మిగలాలన్న దూరదృష్టితో ఆయన వ్యవహరించారు. పరాయి పద్ధతిలోని మంచిని గ్రహించి, స్వీయ సంప్రదాయం చెడకుండా దానిని అన్వయించుకొన్నారు. వంశానికి పరిమితమైన విద్యను లోకానికి అర్పించారు. జ్ఞానం పంచినకొద్దీ పెరుగుతుందనడానికి సుబ్బరామ దీక్షితుల జీవితం ఉజ్జ్వలమైన ఉదాహరణ.