అట్టపెట్టె మీది మొహం

నాన్సీ గ్రీన్ 1834లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బానిసగా జన్మించారు. 1865లో బానిసత్వం చట్టరీత్యా రద్దయ్యేనాటికి ఆమె వయసు 31 ఏళ్లు. తరువాత షికాగోలో ఒక జడ్జిగారింట వంటమనిషిగా, పిల్లల ఆయాగా పనిచేశారు. అలాంటి జీవితాలు మామూలుగా చరిత్రకెక్కవు. ఆమెను ఎక్కించింది ఒక పిండి పొట్లం!

1889లో మిస్సోరీ రాష్ట్రం, సెయింట్ జోసెఫ్ పట్టణంలో ఇద్దరు వ్యాపారులు పాన్‌కేక్ పిండి తయారుచేశారు. కలుపుకుని పెనం మీద పోసుకోవడమే, మన అట్లపిండి లాంటిదే లెండి. సరుకైతే ఉంది, పేరు లేదు. తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ ఆడే వేషాలు ఆ రోజుల్లో అక్కడ పెద్ద వినోదం. అందులోని ఆంట్ జెమీమా అనే పాత్ర పేరు తెచ్చి పిండికి తగిలించారు. ఆంట్ అంటే మనం నోరారా పిలిచే పిన్నీ, అత్తయ్యా వంటి పిలుపనుకునేరు. పెద్దవయసు నల్లజాతి స్త్రీని మిసెస్ అని గౌరవించడానికి మనసొప్పక తెల్ల యజమానులు వాడిన మాట అది.

మరుసటి ఏడు ఆ వ్యాపారం కొన్న ఆర్. టి. డేవిస్ ఆ పేరుకొక మనిషి కావాలని వెతికి, గ్రీన్‌ను కుదుర్చుకున్నాడు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో, 59 ఏళ్ల వయసులో, తలకు గుడ్డ కట్టుకుని, బ్రహ్మాండమైన పిండి పీపా పక్కన నిలబడి ఆమె పాన్‌కేకులు పోశారు. నవ్వుతూ పాత తోటల బతుకు హాయిగా ఉండేదన్నట్లు కథలు చెప్పారు. ఆ తోటల్లో బానిసగా బతికిన మనిషి చేత చెప్పించిన కథలవి! అదే ప్రదర్శనలో నల్లజాతికి తగిన చోటు ఇవ్వలేదని ఫ్రెడరిక్ డగ్లస్, ఐడా వెల్స్ కరపత్రం అచ్చువేసి పంచారు. పౌరులుగా చోటు దొరకని జనానికి వంటమనిషి వేషంలో మాత్రం స్టాలు దొరికింది.

ప్రకటనల్లో కనిపించిన తొలి నల్లజాతి మోడళ్లలో ఆమె ఒకరని గొప్పగా చెబుతారు. నిజమే. కాని అక్కడ కావలసింది ఆమె కాదు. లావుపాటి, ఎప్పుడూ నవ్వే, ఎదురుచెప్పని దాసి. పొట్లం మీద ఆమె పేరు ఏనాడూ లేదు. జీవితాంతం జీతమిచ్చే ఒప్పందం, కోట్ల సంపాదన వంటివన్నీ ప్రచారపు కబుర్లేనని పరిశోధకుల అభిప్రాయం. షికాగోలో ఆలివెట్ బాప్టిస్ట్ చర్చి సభ్యురాలిగా ఆమె గడిపిన బతుకు ఏ ప్రకటనకూ ఎక్కలేదు.

1923 ఆగస్టులో షికాగో వీధిలో కారు ఢీకొని మరణించారు. ఓక్ వుడ్స్ శ్మశానంలో రాయైనా లేకుండా పాతిపెట్టారు. వేషం మాత్రం చావలేదు. ఇంకా కొందరు స్త్రీలు దాన్ని వేశారు. 1989లో తలగుడ్డ తీసి ముత్యాల దుద్దులు పెట్టారు. చివరకు 2020 జూన్‌లో ఆ బొమ్మను, పేరును తొలగిస్తామని క్వేకర్ కంపెనీ ప్రకటించింది. ఆ వేషం వేసిన కొందరి కుటుంబాలవారు, మా వాళ్ల గుర్తులు చెరిపేస్తున్నారని బాధపడ్డారు కూడా. అదే సంవత్సరం సెప్టెంబరులో, 97 ఏళ్ల తర్వాత, ఆమె సమాధి మీద రాయి నిలిపారు. దాని మీద నాన్సీ గ్రీన్ అని చెక్కారు.