కండ బలం గుట్టు విప్పిన గోదావరి బిడ్డ

పట్టిసీమ: మహాశివరాత్రికి వీరభద్రస్వామి దర్శనానికి వచ్చిన భక్తులతో నిండిన పడవను గెడ వేసి ఒడ్డు నుంచి నెట్టే మనిషి కండకు అంత బలం ఎక్కడిది? తిన్న అన్నం ఒంటికి శక్తిగా మారే మార్గంలో కీలకమైన పదార్థాలను గుర్తించినవారు మన డెల్టా బిడ్డ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. కుటుంబానిది పేదరికం. రాజమండ్రిలో చదువుకున్నా, చివరకు మద్రాసులో మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధి బలిగొనడం ఆయన మనసులో చెరగని గాయమైంది.

అమెరికా చేరి ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వెలువరించారు. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. ఏటీపీ జీవకణానికి చేతి ఖర్చు వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ దాచిన సొమ్ము. కండ పనిచేసి ఏటీపీ తరిగినప్పుడు ఒక ఎంజైము ఆ నిల్వలోని ఫాస్ఫేటును అందించి దానిని తిరిగి నింపుతుంది. తాను మాత్రం ఖర్చు కాదు. అందుకే కొద్దిపాటి ఎంజైము ఎంతో పని చేయగలుగుతుంది.

ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సకు అదే అక్కరకు వచ్చింది.

ఎంజైము తాళమైతే, దానికి సరిపడే పదార్థం తాళంచెవి. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన మెథోట్రెక్సేట్ దొంగ తాళంచెవిలా ఎంజైములో ఇరుక్కుంటుంది. అసలుదానికి చోటు దొరకక, వేగంగా పెరిగే క్యాన్సర్ కణాల విభజన ఆగిపోతుంది. ఇదే కోవకు చెందిన అమినోప్టెరిన్‌ను కూడా లెడర్లే బృందమే అందించింది. దానితో సిడ్నీ ఫార్బర్ చికిత్స చేయగా రక్తక్యాన్సర్ సోకిన కొందరు పిల్లలు తాత్కాలికంగానైనా కోలుకున్నట్లు 1948లో వెల్లడైంది. బోదకాలు నివారణకు ఊరూరా పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం కృషే.

1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్క్‌లో నిద్రలోనే ఆయన కన్నుమూశారు. స్వగ్రామానికి తిరిగి రానేలేదు. శతజయంతి సందర్భంగా 1995లో తపాలా శాఖ ఆయన బిళ్లను విడుదల చేసింది. మెథోట్రెక్సేట్ నేటికీ రోగుల ప్రాణాలు కాపాడుతోంది. ఆ మందు వెనుక ఒక భీమవరం బిడ్డ ఉన్నాడని మన పిల్లలకు తెలియజెప్పవలసిన బాధ్యత మనదే.