శ్రీ సురేంద్రనాథ బెనర్జీగారి జీవితము: ఒక యుద్యోగ వివాదము

ఉద్యోగము పురుషలక్షణమని మన పెద్దలు చెప్పుదురు. అర్హత యుండియు, పరీక్షయందు కృతార్థుడయ్యు, పుట్టుకను బట్టియో యాచారభేదమును బట్టియో యొకడు కొలువునకు దూరము చేయబడినచో వాడేమి చేయవలయును? ఈ ప్రశ్నకు తన జీవితముచేతనే సమాధానము చెప్పిన మహనీయుడు సురేంద్రనాథ బెనర్జీ. మన సంఘములోని విద్యావంతులగు యువకులకు ఆయన చరిత్రము మిక్కిలి యుపయుక్తమని తలచి సంగ్రహముగా వ్రాయుచున్నాను.

ఆయన 1848 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి దుర్గాచరణుడు పేరుగన్న వైద్యుడు. సురేంద్రనాథుడు 1868లో బి.ఏ. పట్టము పొంది, ఆ యేడే రమేశచంద్ర దత్తు, బిహారీలాల్ గుప్త యను మిత్రులతో కూడి సివిల్ సర్వీసు పరీక్షకై ఇంగ్లండునకు ఓడ యెక్కెను. సముద్రయానము కులభ్రష్టతకు హేతువని జనులు భయపడు కాలమది. కులమతవర్ణభేదములు లేక అర్హులకెల్ల ఉద్యోగము లీయబడునని 1858లో విక్టోరియా రాణి ప్రకటించియుండెను. కాని పరీక్ష జరుగునది లండనులో. వయస్సు ఇరువదియొక్క యేండ్లు దాటరాదు. ద్వారము తెరచియే యున్నది గాని గడప మిక్కిలి యెత్తుగా నుండెను.

1869లో ఆ మువ్వురును, బొంబాయి ప్రాంతీయుడగు శ్రీపాద బాబాజీ ఠాకూరును ఉత్తీర్ణులైరి. అంతలో సురేంద్రనాథునకును ఠాకూరునకును వయస్సు మించినదని సివిల్ సర్వీసు కమిషనర్లు అభ్యంతరము లేవదీసి వారి పేరులు కొట్టివేసిరి. సురేంద్రనాథుడు 1863 డిసెంబరులో ప్రవేశ పరీక్షకు పోయినపుడు వయస్సు పదునారని వ్రాయబడియుండెను. కమిషనర్లు దానిని నిండిన పదునారేండ్లుగా గ్రహించిరి. ఆ లెక్కను 1869 నాటికి ఆయనకు ఇరువదియొక్క యేండ్లు దాటినవి. మన దేశాచారము వేరు. గర్భాష్టమమున నుపనయనము చేయు మనవారు గర్భవాసకాలమును గూడ కలుపుకొని నడచుచున్న యేటినే వయస్సుగా చెప్పుదురు. యథార్థముగా ఆయనకు 1863 డిసెంబరున నిండినవి పదునైదేండ్లే. అసత్యమేమియు లేదు, రెండు దేశముల గణనపద్ధతులలోని భేదమే యీ యనర్థమునకు మూలము.

ఏకాకియై పరదేశమున నున్నను ఆ యువకుడు క్రుంగిపోలేదు. క్వీన్స్ బెంచి యను నున్నత న్యాయస్థానము నాశ్రయించి, కమిషనర్లు తన హక్కును నిలుపునట్లు ఆజ్ఞాపింపుమని ప్రార్థించెను. న్యాయాధిపతులు కమిషనర్లను సంజాయిషీ యడిగిరి. కమిషనర్లు వాదమును సాగింపక యిరువురను మరల చేర్చుకొనిరి. ఈ సంతోషవార్త చూచుటకు దుర్గాచరణుడు జీవించి యుండలేదు. 1870లోనే ఆయన కాలధర్మము నొందెను.

1871లో సురేంద్రనాథుడు స్వదేశమునకు వచ్చి సిల్హెట్టులో సహాయ మేజిస్ట్రేటుగా నియుక్తుడయ్యెను. కాని కష్టములు తీరలేదు. ఒక దొంగతనపు కేసులో యుధిష్ఠిరుడను ముద్దాయిని పరారీ యైనవారి పట్టికలో తప్పుగా చేర్చెనని ఆయనపై నేరారోపణ వచ్చెను. కార్యాలయమువారు తెచ్చిన కాగితములపై వాడుకగా వ్రాలు చేసితినేగాని దురుద్దేశము లేదని ఆయన వాదము. విచారణానంతరము 1874లో ప్రభుత్వము ఆయనను తొలగించెను. ఇట్టి పొరపాటు ఆంగ్లేయోద్యోగి చేసినచో మందలింపుతో పోయెడిదని నాటి భారతీయులు పలువురు తలచిరి. అజాగ్రత్త లేదని మనమనరాదు. కాని దోషమునకును దండనకును పొత్తు కుదురలేదు. ఆయన లండనునకు పోయి మొరపెట్టుకొనెను, ఫలింపలేదు. బారిస్టరు కాదలచినను, తొలగింపబడినవాడను కారణమున ఆ ద్వారమును మూయబడెను.

1875లో రిక్తహస్తుడై తిరిగివచ్చిన యాయనకు ఈశ్వరచంద్ర విద్యాసాగరులు తమ మెట్రోపాలిటన్ విద్యాలయమున ఆంగ్లాధ్యాపక పదవి యిచ్చిరి. ఒక కచ్చేరి కోల్పోయినవానిని బడి యాదుకొనెను. 1876 జూలై 26న ఆయన ఆనందమోహన బోసు మున్నగువారితో గలసి ఇండియన్ అసోసియేషనును స్థాపించెను. ఆ కాలముననే సివిల్ సర్వీసు వయోవధి ఇరువదియొకటినుండి పందొమ్మిదికి తగ్గింపబడెను. వయస్సు పేరిట తానుపడిన బాధ ఇక దేశమంతటికిని కలుగునని గ్రహించి, ఆయన 1877లో లాహోరువరకును, పిమ్మట బొంబాయి మదరాసు ప్రాంతములకును పర్యటించి సభలు జరిపెను. అందరి పక్షమున విన్నపమును గొని 1879లో లాల్‌మోహన్ ఘోషు ఇంగ్లండునకు పోయెను. కొన్ని యేండ్లకు వయోవధి మరల పెంపబడినది. 1922లో ఆ పరీక్ష భారతదేశమునను జరుపబడుట ఆయన కన్నులార చూచెను.

తరువాతి చరిత్రము సుప్రసిద్ధము. 1879లో బెంగాలీ పత్రికను చేపట్టెను. న్యాయమూర్తిని విమర్శించినందుకు 1883లో రెండు మాసములు చెరసాలలో నుండెను. 1895లో పూనాలోను, 1902లో అహమ్మదాబాదులోను కాంగ్రెసున కధ్యక్షత వహించెను. 1905 నాటి వంగవిభజనపై జరిగిన యాందోళనమున అగ్రగణ్యుడు. 1921లో మంత్రి పదవి నంగీకరించుటచే పలువురి యాదరమును కోల్పోయి, 1923 యెన్నికలలో నోడిపోయెను. ఆత్మచరిత్రము ప్రకటించిన 1925వ సంవత్సరముననే ఆగస్టు 6వ తేదీన బారక్‌పురములో పరమపదించెను.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినవి రెండు. మొదటిది: పాఠశాలలో చేర్చునాడు వ్రాయించిన జన్మతేదీ బిడ్డను విశ్రాంతివేతనమువరకు వెన్నాడును. తలిదండ్రులు అందాజుగా చెప్పుటయు, ఉపాధ్యాయుడు జూన్ మాసమని వ్రాసికొనుటయు మన గ్రామములలో విరివిగా జరిగినవి. చిరకాలము బడిలో పనిచేసిన నే నెరుగుదును. జననపత్రము చూపి వ్రాయింపుడు. రెండవది: అన్యాయము జరిగినపుడు నిర్దోషి మౌనముగా నుండరాదు, కాని యొంటరివాడు వ్యయప్రయాసలకు తట్టుకొనుట దుర్లభము. సురేంద్రనాథుడు తన వ్యాజ్యమును తానొక్కడే గెలిచెను. దేశముయొక్క వ్యాజ్యమునకు సంఘము కావలసివచ్చెను. మన మహాసభకు విచ్చేయు పోషకులు విద్యార్థివేతనములతోపాటు, కొలువులలో అన్యాయమునకు గురియైన బీదవానికి వకీలు నేర్పాటు చేయు నిధిని గూడ ఆలోచింతురుగాక.