ఆ పేరు పెట్టుకోవడానికి భయపడ్డాం

సూర్యకాంతం అనే పేరున్న ఆడపిల్లను మీరెక్కడైనా చూశారా? నేనైతే చూడలేదు. నిజానికి అదో మణి పేరు. ఎంత చక్కటి పేరు! అయినా కూతురికి పెట్టుకోవడానికి మన వాళ్లెవరికీ ధైర్యం చాలలేదు. తెలుగువాళ్లకి ఆ పేరు దక్కకుండా చేశావని సాటి నటుడు గుమ్మడి ఆవిడతో సరదాగా అనేవారట. అందులో సరదా ఎంతో, నిజం ఎంతో!

ఆవిడ 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. ఇంట్లో పద్నాలుగో సంతానం. చిన్నతనంలోనే తండ్రి పోయారు. సినిమాల మీద మోజుతో మద్రాసు చేరి, జెమినీ స్టూడియోలో నెలజీతానికి కుదిరారు. హీరోయిన్ కావాలని ఆవిడకీ ఉండేది. 'సౌదామిని'లో ఆ అవకాశం వచ్చింది కూడా. ఇంతలో కారు ప్రమాదంలో ముఖానికి దెబ్బ తగిలి, వేషం చేజారిపోయింది. తర్వాత ఓ హిందీ సినిమా వాళ్లు పిలిచారు. కానీ వేరే నటిని తప్పించి ఆ వేషం తనకిస్తున్నారని తెలిసి వద్దనేశారు. ఒకరి ఉసురు పోసుకుని పైకి రావడం ఆవిడకి ఇష్టం లేకపోయింది.

అలాంటి మనిషికి 1950లో 'సంసారం' గయ్యాళి అత్త ముద్ర వేసింది. అప్పటికి పాతికేళ్లు దాటాయంతే! ఆ ఎడమచెయ్యి తిప్పడం, ఆ మూతివిరుపులు, గుక్కతిప్పుకోని ఆ తిట్లు... హాల్లో కూర్చున్న కోడళ్లంతా పళ్లు కొరికారు. ఇక నిర్మాతలు వదులుతారా? 'తోడికోడళ్లు', 'మాంగల్యబలం', 'కులగోత్రాలు'... అదే పని. 1957లో 'మాయాబజార్'లో ప్రేమగల తల్లి హిడింబిగా వేశారు. తనకన్నా పెద్దవాడైన ఎస్వీ రంగారావుకి తల్లి! ఆ హిడింబిని ఎంతమంది గుర్తుపెట్టుకున్నాం?

1962లో ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున అందరూ ఉన్న సినిమాకి 'గుండమ్మ కథ' అని ఆవిడ పాత్ర పేరే పెట్టారు. మరే నటికి దక్కింది ఆ గౌరవం? నన్నడిగితే గుండమ్మది చెడ్డతనం కాదు, ఎవరేం చెబితే అది నమ్మేసే చెవులపిల్లితనం. కానీ మనం అంత ఓపిగ్గా చూడలేదు. లెక్క అడిగిన అత్తనీ, తాళంచెవులు బొడ్లో దోపుకున్న ఆడపడుచునీ, గొంతు పెంచిన ఇల్లాలినీ 'సూర్యకాంతం' అనేశాం. నేనూ అన్నాను, మా అత్తగారి చాటున! ఆవిడేమో నాకు పురుడు పోసి, మూణ్ణెల్లు నడుం కట్టుకుని చాకిరీ చేసిన మనిషి.

సూర్యకాంతం మాత్రం ఆ ముద్రను తుడుచుకోవాలని తాపత్రయపడలేదు. అది తనకి అన్నం పెట్టే ముద్రని ఆవిడకి తెలుసు. భర్త పెద్దిభొట్ల చలపతిరావు న్యాయమూర్తి. పిల్లలు లేక, అక్క కొడుకుని పెంచుకున్నారు. 1994 డిసెంబరు 18న కన్నుమూసేదాకా జనం ఆవిడని గయ్యాళిగానే చూశారు. సెట్టు మీద మనుషులు చూసింది వేరే మనిషిని. ఒక సినిమాలో పెద్దాయన నాగయ్యని తిట్టి, షాటు అవగానే ఆయన కాళ్ల మీద పడ్డారట. షూటింగుకి వస్తే ఇంటి నుంచి పులిహోర, పిండివంటలు క్యారియర్ల నిండా తెచ్చేవారు. తెరమీద కోడలి ముందునుంచి కంచం లాక్కున్న ఆ చేత్తోనే, లైట్‌బాయ్‌లతో సహా అందరికీ కొసరి కొసరి వడ్డించేవారు.