ఇరవై ఏడేళ్ల రామారావు

రాజమండ్రిలో గోదావరికి దగ్గర్లోనే దామెర్ల రామారావు పేరు మీద ఒక ఆర్ట్ గ్యాలరీ ఉంది. పుష్కరాలకి వెళ్లినవాళ్లు, పాపికొండల టూర్‌కి వెళ్లినవాళ్లు మన క్లాసులో బోలెడుమంది ఉన్నారు కానీ, ఈ గ్యాలరీ లోపలికి వెళ్లామన్నవాళ్లు పెద్దగా కనపడలేదు. అసలు ఎవరీ రామారావు అని అడిగినవాళ్లే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నా.

ఆయన పుట్టింది 1897 మార్చి 8న, రాజమండ్రిలోనే. చిన్నప్పట్నుంచీ చేతిలో పెన్సిల్ ఉండాల్సిందే. అదృష్టం ఏంటంటే, ఆ రోజుల్లో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన. ఆయన స్వయంగా చిత్రకారుడు, రచయిత కూడా. అడివి బాపిరాజు గారు కూడా ఆయన శిష్యుడే. రామారావు గీసిన బొమ్మలు చూసి, ఈ కుర్రాడు ఉండాల్సిన చోటు ఇది కాదని కూల్డ్రే గట్టిగా నమ్మారు. ఆయన చొరవతోనే 1916లో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. అప్పటికి ఆయన వయసు పందొమ్మిది. అంటే సరిగ్గా నా వయసు. (నేను ఇంకా డేటా స్ట్రక్చర్స్ దగ్గరే ఉన్నా, అది వేరే విషయం.)

అప్పట్లో బొమ్మలు నేర్చుకునేవాళ్ల ముందు రెండు దార్లు కనిపించేవి. ఒకటి, ఉన్నది ఉన్నట్టు గీసే ఇంగ్లీషు స్కూళ్ల పద్ధతి. రెండోది, కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ వాళ్లు మొదలుపెట్టిన బెంగాల్ శైలి. రామారావు మొదటిది బాగా నేర్చుకున్నారు, రెండోదాన్ని గౌరవించారు. కానీ దేన్నీ కాపీ కొట్టలేదు. ఆయన ఆడవాళ్ల బొమ్మలు చూడండి, ‘పుష్పాలంకారం’ గానీ ‘నందిపూజ’ గానీ. గీత అజంతాని గుర్తు చేస్తుంది, మనుషులు మాత్రం మన పక్క వీధిలో వాళ్లలాగే ఉంటారు. ‘సిద్ధార్థ రాగోదయం’లో ఉన్నది బోధి చెట్టు కింద బుద్ధుడు కాదు, అప్పుడే మనసులో ప్రేమ మొదలైన రాకుమారుడు. నాకైతే అన్నిట్లోకీ అదే ఇష్టం.

1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనకి ఆయన ఋష్యశృంగుడి బొమ్మ పంపారు. అడవిలో తండ్రి తప్ప ఇంకో మనిషిని చూడకుండా పెరిగిన ముని కుర్రాడు, మొదటిసారి ఆడవాళ్లని చూసి వాళ్ల మాయలో పడే కథ. దానికి వైస్రాయ్ బహుమతి వచ్చింది. అప్పటి వైస్రాయ్ లార్డ్ రీడింగ్ అయితే ఆయన గీసిన గోదావరి కొండల బొమ్మని కొనుక్కున్నారు కూడా.

ఇంత పేరు వచ్చాక ఎవరైనా బొంబాయిలోనో కలకత్తాలోనో సెటిల్ అవుతారు కదా. ఈయన రాజమండ్రిలో ఉండి చిత్రకళాశాల పెట్టారు. స్నేహితుడు వరదా వెంకటరత్నం తోడుగా నిలిచారు. ఇంట్లోవాళ్లని కూడా వదల్లేదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ బొమ్మలు వేశారు. వందేళ్ల కింద, ఆడపిల్ల బడికి వెళ్లడమే గొప్ప అనుకునే రోజుల్లో!

1925 ఫిబ్రవరి 6న మశూచితో చనిపోయారు. ఇంకో నెల ఉంటే ఇరవై ఎనిమిది నిండేవి. బొంబాయి వెళ్లిన రోజు నుంచి లెక్కేస్తే తొమ్మిదేళ్లు కూడా లేవు. చదువు, పెళ్లి, తిరుగుళ్లు, స్కూలు, ఆ బొమ్మలన్నీ అందులోనే.

కథ ఇక్కడ ఆగిపోవాల్సింది. ఎందుకంటే ఆయన పనిలో చాలా భాగం కాగితం మీద వేసిన వాటర్ కలర్. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది, చెమ్మ తగిలితే బూజు పడుతుంది. పైగా పక్కనే గోదావరి, ఆ గాల్లో చెమ్మకి కొదవేముంది? బ్యాకప్ లాంటిదేమీ లేదు, ఒక్కటే కాపీ. పంచుకుని తలో ఇంటికీ పట్టుకెళ్లినా, ఎవరో ఒకరు అమ్ముకున్నా ఈపాటికి పేరు కూడా మిగిలేది కాదు. వెంకటరత్నం గారు స్నేహితుడి స్కూలుని మూతపడనివ్వకుండా నడిపారు. ఇంట్లోవాళ్లు, స్నేహితులు బొమ్మల్ని చెదిరిపోనివ్వలేదు. అవే గ్యాలరీ అయ్యాయి, తర్వాత ప్రభుత్వం తీసుకుంది.

ఈసారి రాజమండ్రిలో ట్రైన్ లేటైతే ఒక గంట అక్కడికి వెళ్లండి. రామారావు గారివి చూశాక, సత్యవాణి గారివి, బుచ్చికృష్ణమ్మ గారివి, వెంకటరత్నం గారివి ఎక్కడున్నాయో అడిగి మరీ చూడండి.