కలియుగ భీముడు కోడి రామ్మూర్తి

మానవుని బలాన్ని కొలవడం సులభమని తోస్తుంది. ఎత్తిన బరువెంతో లెక్క చూస్తే చాలుననుకుంటాము. కాని ఏనుగు మోసే దుంగనూ, చీమ మోసే గింజనూ ఒకే త్రాసులో తూచి వాటి బలాబలాలను నిర్ణయించడం న్యాయం కాదు. వేర్వేరు దేహభారాలు గల వీరులలో ఎవరు గొప్ప అన్న ప్రశ్న అందువల్లనే చిక్కుప్రశ్న అయింది. ఉత్తరాంధ్ర గడ్డపై పుట్టిన ఒక మల్లవీరుని జీవితం ఈ ప్రశ్నను తరచి చూడడానికి మనకు తోడ్పడుతుంది. ఆయనే కోడి రామ్మూర్తి నాయుడు.

రామ్మూర్తి స్వస్థలం వీరఘట్టం. చిరకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి వెంకన్న నాయుడు. పసితనంలోనే తల్లిని కోల్పోయిన రామ్మూర్తి, విజయనగరంలో పోలీసుశాఖలో పనిచేస్తున్న పినతండ్రి నారాయణస్వామి ఇంట పెరిగాడు. చదువుకంటె వ్యాయామం మీదనే ఆయనకు మక్కువ ఎక్కువ. ఆ మక్కువను గుర్తించిన పినతండ్రి ఆయనను తాలింఖానాలో చేర్పించాడు. దండీలు, బస్కీలు, కుస్తీపట్లు ఆయనకు నిత్యకృత్యాలయ్యాయి. అనంతరం మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరానికి తిరిగివచ్చి వ్యాయామోపాధ్యాయుడయ్యాడు.

పాఠశాల ఆవరణ ఆయన ప్రతిభకు చాలలేదు. మిత్రుల అండతో సర్కసు సంస్థను నెలకొల్పి దేశమంతటా పర్యటించాడు. ఊపిరి బిగించి, భుజాలకు చుట్టిన ఇనుపగొలుసును తెంచడం, రొమ్ముపై పరచిన చెక్కమీద ఏనుగును నిలుపుకోవడం ఆయన ప్రదర్శనలలో ప్రసిద్ధమైనవి. చెక్క ఏనుగు భారాన్ని ఒకేచోట పడనీయక దేహమంతటా పంచుతుంది. అయినప్పటికీ ఊపిరిపై సంపూర్ణమైన అదుపు లేనివాడు ఆ సాహసానికి పూనుకోలేడు. ప్రజలు ఆయనను కలియుగ భీముడని కీర్తించారు. ఇండియన్ హెర్క్యులస్ అన్న బిరుదు కూడా ఆయన పేరుకు తోడయింది.

ఆనాటి సంప్రదాయ మల్లయుద్ధ గోదాలలో నేటివలె బరువు తరగతుల పట్టింపు లేదు. ముష్టియుద్ధంలో మాత్రం ఆ విభజన స్థిరపడింది. అమెరికాలో జో లూయిస్ 1937 నుండి 1949 వరకు హెవీవెయిట్ విశ్వవిజేత. షుగర్ రే రాబిన్సన్ 147 పౌండ్ల పరిమితి గల వెల్టర్‌వెయిట్‌లో 1946లో విశ్వవిజేత అయ్యాడు. ఇద్దరూ తలపడితే పెద్ద దేహానికే మొగ్గు ఉండేది. అయినా ఇద్దరి బరువూ సమానమైతే ఎవరు గెలిచేవారన్న ఆలోచనతో, రాబిన్సన్‌నే శ్రేష్ఠుడని చాలామంది విమర్శకులు భావించారు.

శ్రీకాకుళం జిల్లా నుండే మరొక ఉదాహరణ ఉంది. ఆమదాలవలస సమీపాన గల ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించింది. ఆ పోటీలో తొలి ఇద్దరూ సమానంగా 242.5 కిలోలు ఎత్తారు. అయినా దేహభారం తక్కువైన చైనా క్రీడాకారిణి లిన్ వైనింగ్‌కే స్వర్ణం దక్కింది. ఎత్తిన బరువుతోపాటు ఎత్తిన దేహాన్ని కూడా లెక్కలోనికి తీసుకోవాలని ఆ ఫలితం చాటుతుంది.

మరి రామ్మూర్తిని ఏ తరగతిలో నిలపాలి? మల్లేశ్వరి బలాన్ని న్యాయనిర్ణేతలు కిలోలలో లెక్కించారు. రామ్మూర్తి బలాన్ని ప్రేక్షకులు కన్నులారా చూశారు. ఈ రెండింటినీ సరితూచే త్రాసు లేదు. పోల్చదగినది ఒక్కటే: తనకు లభించిన దేహాన్ని ఎవరు ఎంతవరకు సాధనతో తీర్చిదిద్దుకున్నారన్నది. రామ్మూర్తి శాకాహారి, బ్రహ్మచారి. ప్రాణాయామాన్ని నిష్ఠతో అభ్యసించాడు. ఆయన బలంలో కండలకెంత పాలున్నదో, నియమానికీ అంతే పాలున్నది.

ఈ సత్యం ఆయన చరమదశలో మరింత స్పష్టమైంది. ఏనుగును మోసిన ఆ దేహం వ్యాధికి లోబడింది. ఒక కాలు తీసివేయవలసి వచ్చింది. ఆర్జించిన ధనం దానధర్మాలకు వ్యయమైంది. ఒడిశాలోని బలాంగీర్ ప్రాంతంలో చివరి రోజులు గడిపి, 1942లో ఆయన కన్నుమూశాడు. కండబలమే గొప్పతనమైతే ఆ కాలితోపాటే ఆయన కీర్తి కూడా తరిగిపోవలసింది. కాని తరగలేదు. శ్రీకాకుళంలోని క్రీడామైదానం ఆయన పేరుతో వెలిసింది. విశాఖ సాగరతీరాన ఆయన విగ్రహం నిలిచింది.

బరువు తరగతులు పోటీ న్యాయంగా జరగడానికి అవసరం. గొప్పతనాన్ని తేల్చే తీర్పులు మాత్రం కావు. బక్కపలచని విద్యార్థి అయినా, భారీకాయుడైనా, తన దేహాన్ని నియమంతో సాధన చేసినవాడే రామ్మూర్తికి నిజమైన వారసుడు.