కొలువు, కృషి: కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి జీవితము

ఉద్యోగము సంపాదించుట వేఱు, జీవితకార్యము సంపాదించుట వేఱు. మొదటిది చదువు వలనను, సిఫారసు వలనను, ఒక్కొక్కప్పుడు అదృష్టము వలనను లభింపవచ్చును. రెండవదానిని ఒరులెవ్వరును ఇయ్యజాలరు. మన చదువరులలో పెక్కుమంది ఉద్యోగము దొరికిన నాటితో తమ ప్రయత్నము ముగిసినదని తలంతురు. పింఛను పుచ్చుకొను నాటికి వెనుదిరిగి చూచుకొని, ముప్పది సంవత్సరములు దేనికి వెచ్చించితిమా యని చింతింతురు. ఇంకొక తెగవారు కలరు. కొలువు చేయువానికి లోకోపకారము సాధ్యము కాదనియు, ముందు అది వదలినగాని ఇది పట్టరాదనియు వారు చెప్పుదురు. వారిలో చాలమంది కొలువు వదలరు, ఉపకారమును పట్టరు. ఈ రెండు తెగలవారికిని ప్రత్యుత్తరముగా నిలువదగిన జీవితము మన తెలుగుగడ్డ మీదనే యొకటి నడచినది. అది కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారి జీవితము. వారి పేరెఱుగని చదువరి తెలుగునాట అరుదు. వారు పనిచేసిన తీరు ఎఱిగినవారు అంతకంటె అరుదు. ఆ తీరునే ఇచ్చట స్మరింపదలచినాము.

పంతులుగారు 1877 మే 18 వ తేదీని కృష్ణామండలమున పెనుగంచిప్రోలునందు జన్మించిరి. పసితనముననే తండ్రిని గోలుపోయిరి. బాల్యము కొంత భువనగిరిలో గడచినది. పిదప అక్కగారైన భండారు అచ్చమాంబగారును, బావగారైన మాధవరావుగారును మధ్యపరగణాలలో నుండుటచే అచ్చటికి చేరి, వారి యండను నాగపురమున చదువుకొనిరి. తెలుగు వినబడని యా దేశమున మహారాష్ట్రభాష వారికి రెండవ మాతృభాష యయ్యెను. విద్యార్థిదశయందే ఆ భాషలో వ్యాసములు వ్రాసి పండితుల మెప్పు వడసిరి. సంస్కృతము, హిందీ, ఉర్దూ, వంగభాష, ఆంగ్లేయము వారికి స్వాధీనములయ్యెను. 1902 నాటికి ఎం. ఏ. పట్టమునందిరి.

ఈ ఘట్టమున అచ్చమాంబగారిని గూర్చి ఒక మాట చెప్పక సాగరాదు. ఆమెకు బడిచదువు లేదు. తమ్మునికి పాఠము చెప్పుచుండగా చెంత కూర్చుండి ఆమె అక్షరములు నేర్చినది. అట్లు నేర్చిన యామె తరువాత పెక్కుభాషల గ్రంథములు చదివి, అబలా సచ్చరిత్ర రత్నమాల యను పేర వీరవనితల చరిత్రములను కూర్చి ప్రకటించినది. తెలుగున కథానికలు వ్రాసినది. 1905 లో ముప్పదియేండ్ల ప్రాయమున పరమపదించినది. ఒకనికి చెప్పు పాఠము పక్కనున్న వారికి అందినచో ఎంతటి ఫలమిచ్చునో పంతులుగారు తమ యింటనే చూచిరి. తరువాత వారు తలపెట్టిన కార్యములన్నిటికిని మూలము ఈ దృశ్యమే యని మేము భావింతుము. ఆంగ్లము రానివానికి, కళాశాల మెట్లెక్కనివానికి, స్త్రీలకు, గ్రామవాసులకు ప్రపంచజ్ఞానము తెలుగున అందవలె ననుటయే వారి జీవితకార్యము.

అయినను వారు జీవనమునకై చేసినది సంస్థానపు కొలువు. పట్టభద్రులైన పిదప మునగాల రాజాగారగు నాయని వేంకట రంగారావుగారి కడ దివానుగా చేరిరి. మునగాల పరగణా నాడు కృష్ణామండలమునకు చెందినదయ్యు, నాలుగు దెసల నైజాము రాజ్యముచే చుట్టబడిన ద్వీపము వంటిది. శిస్తులు, దస్తావేజులు, రైతుల తగవులు, న్యాయస్థానపు వ్యాజ్యములు, ఇవి దివానుగారి దినచర్య. పండితునకు ఇది సంకెల యని పలువురు తలంతురు. పంతులుగారు దానిని సంకెలగా చూడలేదు, విలాసముగను చూడలేదు. దివానుగిరి నిర్వహించుచునే, దాని వలన కలిగిన పరిచయములను, ప్రయాణములను, వ్యవహారజ్ఞానమును తమ పెద్దపనికి పనిముట్లుగా మలచుకొనిరి. పుస్తకప్రచురణమునకు పాండిత్యము మాత్రమే చాలదు. లెక్క తెలియవలెను, అచ్చుకూటమువానితో మాట్లాడ తెలియవలెను, ధనికుని ఒప్పింప తెలియవలెను. ఈ విద్యలు కొలువు కూటమున నేర్చినవారికే బాగుగా వచ్చును.

ఇందు రాజాగారి భాగమును మఱువరాదు. తన దివాను తన పని మాత్రమే చేయవలెనని పట్టుపట్టిన ప్రభువు ఆయనకు లభించియుండినచో ఆంధ్రదేశ చరిత్రము మఱియొక విధముగా నుండెడిది. రాజాగారు ఆ కృషికి అడ్డు రాకపోవుటయే కాక, ధనసహాయము చేసి తామును అందు భాగస్వాములైరి. జమీందారులును, వ్యాపారులును, కార్యాలయాధిపతులును ఈ సంగతిని గమనింపవలెను. తన క్రింద పనిచేయువానిలో తనకంటె పెద్దపని చేయగల శక్తి యున్నదని గుర్తించి దానికి చోటిచ్చువాడే యజమానుడు. తక్కినవారు జీతమిచ్చువారు మాత్రమే.

1901 సెప్టెంబరు 1 వ తేదీని హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. నాటి నైజాము రాజ్యమున ప్రభుత్వభాష ఉర్దూ. తెలుగువారు అధికసంఖ్యాకులయ్యు తమ భాషకు గౌరవస్థానము లేక యుండిరి. అట్టిచోట ఒక తెలుగు గ్రంథాలయమును తెఱచుట సామాన్యవిషయము కాదు. దాని స్థాపకులలో పంతులుగారొకరు, వారికప్పుడు ఇరువదినాలుగేండ్లు. ఆ నిలయము నేటికిని హైదరాబాదున నిలిచియున్నది. ఒక మనుష్యుని పేరు మీద నాధారపడక, ఊరివారి యాదరము మీద నాధారపడునట్లు దానిని కట్టుటచేతనే అది నిలిచినది.

గ్రంథాలయము కట్టిన పిమ్మట వారికి తోచినది, అందుంచుటకు తగిన గ్రంథములు తెలుగున చాలవని. కావ్యములు కలవు, పురాణములు కలవు. దేశచరిత్రములు, ప్రకృతిశాస్త్రములు, మహాపురుషుల జీవితములు మిక్కిలి తక్కువ. కొఱతను జూచి విలపించుటతో తృప్తినందక, 1906 లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మున్నగువారు సహచరులైరి. కొన్నాళ్లకు మండలి చెన్నపురికి మాఱినది.

ఆ మండలి నడచిన పద్ధతి నేటి సంస్థాధిపతులు పరిశీలింపదగినది. ముందుగా చందాదారులను చేర్చుకొని, గ్రంథము వెలువడక పూర్వమే దానికి పాఠకులను సమకూర్చిరి. ఏ విషయము మీద గ్రంథము కావలయునో ముందు నిశ్చయించి, అటుపిమ్మట దానిని వ్రాయగలవానిని వెదకిరి. వ్రాయుటకు మనుష్యుడున్నాడు గదా యని ఏదో యొక విషయము నప్పగించుట వారి మతము కాదు. మొదటి గ్రంథముగా హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము 1907 లో వెలువడెను. బానిసతనమును రూపుమాపిన పురుషుని కథను పరాధీనజాతి చేతికి మొదట ఇచ్చుటలోని ఔచిత్యము వేఱుగ చెప్పనక్కఱలేదు. పిమ్మట జీవశాస్త్రము, రసాయనశాస్త్రము మొదలగు వానిపై గ్రంథములు వచ్చినవి. నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చిరి. పంతులుగారు స్వయముగా హిందూమహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను చరిత్రగ్రంథములను రచించిరి. ఇతరులకు చెప్పిన పనిని ముందు తాము చేసి చూపుట వారి నాయకత్వమునకు మొదటి లక్షణము.

రెండవ లక్షణము, తగినవానిని కనిపెట్టి వెన్ను కాచుట. ఇందుకు మూడు దృష్టాంతములు చాలును.

చిలుకూరి వీరభద్రరావుగారు పత్రికావృత్తిలో నుండిన లేఖకులు. ఆంధ్రజాతి చరిత్రమును సమగ్రముగా వ్రాయు భారము వారిపై పెట్టి, మండలి పక్షమున ఆంధ్రుల చరిత్రము మొదటి భాగమును 1910 లో ప్రకటించిరి. శాసనములు, నాణెములు, విదేశయాత్రికుల వ్రాతలు ఆధారములుగా చరిత్రము వ్రాయవలెనే గాని కట్టుకథల నల్లరాదని పంతులుగారి పట్టుదల. తామే వ్రాయగల విషయమయ్యు ఇతరునిచే వ్రాయించుట ఎల్ల పండితులకును చేతనగు పని కాదు.

హరిసర్వోత్తమరావుగారు బెజవాడనుండి స్వరాజ్య పత్రికను నడపి, 1908 లో రాజద్రోహనేరముపై పట్టుబడి మూడేండ్ల కారాగారశిక్ష ననుభవించిరి. అట్టివారితో పలుకుటకే పలువురు జంకు దినములవి. పంతులుగారు సంస్థానోద్యోగి, దొరతనము వారి కంటబడుట వారికి క్షేమము కాదు. అయినను చెఱ విడిచి వచ్చిన మిత్రుని తమ విజ్ఞానకార్యమున చేర్చుకొనిరి. సహచరుడు ఆపదలో నున్నప్పుడు అతనితో పొత్తు తెంచుకొనువాడు ఎంతటి విద్వాంసుడైనను నాయకుడు కాడు.

ఇక మల్లంపల్లి సోమశేఖరశర్మగారు. వారికి కళాశాల పట్టము లేదు. పట్టము లేని యువకుని చేత శాసనములు చదివించి, వ్యాసములు వ్రాయించి, పరిశోధకునిగా తీర్చినది పంతులుగారి సాహచర్యము. ఆ శర్మగారే తరువాత రెడ్డిరాజ్యముల చరిత్రమును వెలయించి దేశమంతట మన్ననలందిరి. చేతిక్రింది వానిని ఎల్లకాలము చేతిక్రిందనే యుంచుకొనుట సులభము. తనకు సాటియగునంతవఱకు పెంచుటయే కష్టము.

ఈ బలముతో పంతులుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. లోకమునందలి సమస్తవిషయములను అకారాది క్రమమున తెలుగున వివరింప సంకల్పించిన మహాగ్రంథమది. ఆంగ్లేయజాతి తరతరముల ధనముతోను, వందలకొలది పండితులతోను సాధించిన పనిని ఒక సంస్థానపు దివాను కొలదిమంది మిత్రులతో తలపెట్టెను. మూడు సంపుటములు వెలువడెను. వానిలోని వ్యాసములు అనువాదములు గావు. విషయమును జీర్ణించుకొని తెలుగువాని కొఱకు వ్రాసినవి. పంతులుగారు తామే అనేకము వ్రాసిరి.

కాని మూడు సంపుటములును అకారమునకే సరిపోయెను. అంతతో పని నిలిచెను.

ఇచ్చట పొగడ్తతో సరిపెట్టుట పంతులుగారి స్మృతికే అపచారము. సాక్ష్యము లేనిది వ్రాయరాదని జీవితమెల్ల బోధించిన వారిని గూర్చి మేము నిజము చెప్పవలెను. మొదటి యక్షరమునకే మూడు సంపుటములు పట్టిన ప్రణాళిక, ఒక మనుష్యుని జీవితమునకు మించిన ప్రణాళిక. ప్రతివ్యాసమును సర్వాంగసుందరముగా నుండవలెనను వారి కాంక్ష గొప్పదే; అయినను ఆ కాంక్షకు కాలపరిమితిని, ధనపరిమితిని జోడించుకొనలేదు. గ్రంథాలయమును తాము లేకున్నను నడచునట్లు కట్టినవారు, సర్వస్వమును తమ భుజములపైననే మోసిరి. 1923 జులై నెలలో చెన్నపురియందు నలువదియాఱేండ్ల వయస్సున వారు కన్నుమూసిరి. నాలుగేండ్లకు పూర్వము, 1919 లో, కందుకూరి వీరేశలింగము పంతులుగారు తుదిశ్వాస విడిచినదియు ఆ యింటనే. ఒక యుగకర్తకు చివరి దినములలో ఆతిథ్యమిచ్చిన గృహము, నాలుగేండ్లకే రెండవవానిని గోలుపోయెను.

పంతులుగారి యనంతరము కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారమును తలకెత్తుకొనిరి. 1930 తరువాతి సంవత్సరములలో విజ్ఞానసర్వస్వమును మరల ప్రకటింపసాగిరి. 1938 లో వారును గతించిరి. ఆ ప్రణాళిక తలచినట్లు పూర్తి కాలేదు. 1947 లో ఏర్పడిన తెలుగు భాషాసమితి అకారాదిక్రమమును విడిచి, ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్కొక్క సంపుటముగా విజ్ఞానసర్వస్వమును వెలువరించెను. ఏ సంపుటమునకు ఆ సంపుటమే సంపూర్ణము. ఒకటి యాగినను తక్కినవి పనికివచ్చును. ముందు నడచినవారి యడుగు ఎక్కడ తడబడెనో తెలిసికొనినందుననే వెనుకవారికి ఈ దారి తోచినది. కనుక పంతులుగారి సర్వస్వము విఫలమైనదనుట న్యాయము కాదు. సంపుటములు మూడే, కాని ఆ పనిలో తయారైన పరిశోధకులు, లేఖకులు, ఆ పని వలన తెలుగువానికి కలిగిన ధైర్యము లెక్కకు రానివి. తెలుగున శాస్త్రము వ్రాయవచ్చునా యను ప్రశ్న వారి పిమ్మట ఎవ్వరును గట్టిగా అడుగలేకపోయిరి.

నేడు కార్యాలయమున కూర్చుండు యువకులకు, వారిపై పెత్తనము చేయు పెద్దలకు ఈ జీవితము చెప్పు సంగతి యొక్కటే. కొలువు మనకు అన్నము పెట్టును. దానిని చులకన చేయరాదు. కాని దినము ముగిసిన పిదప మిగిలిన గంటలో మనము దేనిని పట్టుకొందుమో అదే మన జీవితము. పనిని నడపువాని గొప్పతనము ఎందఱు తన మాట వినిరనుటలో లేదు. తాను లేచిపోయిన మఱునాడు ఎందఱు తమంతట తాము పని సాగింపగలరనుటలో నున్నది. ఈ కొలబద్దతో చూచినచో, గ్రంథాలయము విషయమున లక్ష్మణరావు పంతులుగారు పూర్తిగా నెగ్గిరి. సర్వస్వము విషయమున సగము నెగ్గిరి. ఆ మిగిలిన సగము వారి తరువాత వచ్చినవారికి వదలిన ఋణము. అది తీఱినదో లేదో, ఊరి గ్రంథాలయపు తలుపు తెఱచియున్నదో మూసియున్నదో చూచి, ఎవరికి వారు తేల్చుకొనవలెను.